నమ్మకము లేనివారికి సొమ్ము చెల్లించుట
(వార్షిక మహాసభయందుఁ జదువఁబడిన యుపన్యాసము)



విద్యాభివృద్ధి, వివాహవ్యయము, విద్యార్థివసతిగృహము మొదలగు ఘనవిషయములనుగూర్చి నాకంటె నధికులు ఈ సభలో నిదివఱకే ముచ్చటించియున్నారు. కార్యనిర్వాహకవర్గమువారు నాకొసంగిన విషయము చిన్నది. మనకు నమ్మకము లేని మనుష్యునికి సొమ్ము చెల్లింపవలసివచ్చినపుడు, మన బ్యాంకిఖాతా వివరములు వాని చేతఁబడకుండఁ జెల్లించుట యెట్లు? విషయము చిన్నదైనను, దీనివలనఁ గలుగు నష్టము చిన్నది కాదని స్వానుభవమువలన నెఱింగినవాఁడను గావున, కొలఁది నిమిషములు తమ యవధానమును వేఁడుచున్నాను.

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పుదురు. నేనొక్క సంవత్సరముననే రెండింటికిని బూనుకొంటిని. కుమార్తె వివాహమునకై కూడఁబెట్టిన ధనమంతయు నొక్క ఖాతాలోనే యుండెను. పెండ్లికి ముందు ఇల్లు బాగుచేయింపవలయునని యొక మేస్త్రీని కుదుర్చుకొంటిని. అతనియందు నాకు మొదటినుండియు గుఱి లేదు. వ్యవధి లేనందున నొప్పుకొంటిని. అతఁడడిగినపుడెల్ల నా ఖాతామీఁదనే చెక్కులు వ్రాసి యిచ్చితిని. చెక్కుపై నేమేమి యుండును? నా పేరు, ఖాతాసంఖ్య, బ్యాంకి శాఖ, అన్నిఁటినిమించి నా చేవ్రాలు. మూఁడు మాసములైన పిమ్మట నా చేవ్రాలును బోలిన చేవ్రాలుతో నొక నకిలీ చెక్కు బ్యాంకికి వచ్చెను. అక్కడి గుమాస్తా యనుమానించి నాకు ఫోను చేయుటచే సొమ్ము దక్కెను. కాని విచారణ ముగియువఱకు ఖాతా నిలిపివేయఁబడెను. ముహూర్తము పది దినములుండఁగా, నా ధనము నాకుండియు, నేను బంధువుల వాకిండ్లకు అప్పునకై తిరిగితిని. ఆ పని మేస్త్రీయే చేయించెనని నేఁటికిని జెప్పఁజాలను, ఋజువు లేదు. అందుచేతనే, ఎవరిని నిందింపవలయునో తెలియని స్థితి రాకుండఁ జూచుకొనుట మేలని చెప్పుచున్నాను.

మన పూర్వులకు ఈ చిక్కు తెలియనిది కాదు. హుండీల కాలమున "షాజోగు హుండీ" యనునది యొకటి కలదు. దానిని దెచ్చిన ప్రతివానికిని సొమ్మీయరు. బజారులో మర్యాదస్థుఁడని పేరొందిన షాహుకారు ద్వారమున వచ్చిననే చెల్లింతురు. చెక్కుపై రెండు గీఁతలు గీయు పద్ధతికి 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టములోఁ గల నియమములయొక్క భావమును నిదియే. ఇచ్చువాఁడు పుచ్చుకొనువానిని నమ్మనక్కఱలేకుండ, నడుమ నమ్మఁదగిన వానినొకనిని నిలుపుట వర్తకమునకుఁ బాఁతనీతి.

ఇఁక నేఁటి మార్గములను మనవిచేసెదను. స్వల్పమొత్తమైనచో నగదిచ్చి రశీదు పుచ్చుకొనుట యన్నిఁటికంటె సులభము. అయితే 2017 నుండి రెండులక్షల రూపాయలును అంతకు మించిన మొత్తమును నగదుగాఁ బుచ్చుకొనుట నిషిద్ధము. పెద్దమొత్తమునకు డిమాండు డ్రాఫ్టు తగినది. దానిపై మన ఖాతాసంఖ్య గాని చేవ్రాలు గాని యుండదు. బ్యాంకివారి చేవ్రాళ్లే యుండును. 2018 సెప్టెంబరు 15 నుండి కొన్నవాని పేరు దానిపై ముద్రింపఁబడుచున్నది. అది మనకు సాక్ష్యమే. ఏఁబదివేలును అంతకు మించిన డ్రాఫ్టును నగదిచ్చి కొనరాదు, ఖాతానుండియే కొనవలయును. డ్రాఫ్టు మూఁడు మాసములవఱకే చెల్లును.

యూపీఐ పద్ధతి 2016లో వచ్చినది. దానివలనఁ జెల్లించినచో సాధారణముగా మన ఖాతాసంఖ్య యవతలివానికి అందదు. మన పేరును, మన యూపీఐ గుర్తును మాత్రము తెలియును. ఆ గుర్తు మన ఫోను నంబరే యైనచో నంబరును దెలిసినట్లే. కావున ఫోను నంబరు లేని వేఱొక గుర్తును గల్పించుకొనుట మంచిది. ఖాతానుండి ఖాతాకుఁ బంపినపుడు పంపినవాని వివరములు కొన్ని యవతలి లెక్కలోఁ గనఁబడుట కలదు. అన్నిఁటికంటె భద్రమైన యుపాయము మఱియొకటి: ఇట్టి చెల్లింపులకే యొక చిన్న ఖాతా తెఱచి, అవసరమైనంత సొమ్మే యందుంచుట. తెలిసినను దోఁచుకొనుట కందేమియు నుండదు. నేనానాఁడే యీ పని చేసియుండినచో నా పెండ్లిసొమ్మునకుఁ జిక్కు వచ్చెడిది కాదు.

అయితే భయము మితిమీఱరాదు. ఖాతాసంఖ్య యొక్కటి తెలిసినంతమాత్రమున నెవఁడును సొమ్ము తీసికొనలేఁడు. తీయుటకు వలసినవి పిన్ను, ఓటీపీ, కార్డు వెనుకనుండు మూఁడంకెలు, చేవ్రాలు. ఈ నాలుగును దాఁపఁదగినవి. సొమ్ము పుచ్చుకొనుటకుఁ బిన్ను నొత్తవలసిన పని యెన్నఁడును లేదు. ఒత్తుమని యడిగినవాఁడు మోసగాఁడే. సంతకము మాత్రము చేసిన ఖాళీచెక్కును హామీ క్రింద నెవరికిని ఈయవలదు. బ్యాంకివారమని ఫోను చేయువాఁడు మన ఖాతాసంఖ్యను సరిగాఁ జెప్పినంతమాత్రమున వానిని నమ్మరాదు. ఆ సంఖ్య మనమిచ్చిన చెక్కుమీఁదనే యుండెను గదా!

ఇంకొక మాట. వివరములను దాఁచుట వేఱు, సొమ్మును గాపాడుకొనుట వేఱు. డ్రాఫ్టు చేతికిచ్చిన పిమ్మట దానిని నిలుపుట మిక్కిలి కష్టము. ఖాతా రహస్యముగానే యుండును, పని మాత్రము జరుగదు! కావున నమ్మకము లేనివానికి ముందుగా నంతయు నీయక, పని జరిగినకొలఁది విడతలుగా, ప్రతివిడతకును రశీదుతో నిచ్చుట కర్తవ్యము. మోసము జరిగెనని తెలిసినచో సిగ్గుపడి దాఁపక, తక్షణమే బ్యాంకికిని 1930 నంబరునకును దెలుపవలయును. ప్రతిగడియయు విలువైనది, చేతులు కాలినపిమ్మట ఆకులు పట్టుకొనుట వ్యర్థము.

మన కుటుంబములలో భర్తను గోల్పోయిన స్త్రీలు, పిల్లలు దూరదేశములలోనున్న వృద్ధులు పెక్కురు కలరు. ఇల్లు బాగుచేయించుటకును, పొలము కౌలు తేల్చుకొనుటకును వారు తెలియనివారితో నొంటరిగా వ్యవహరింపవలసియున్నది. కావున నాది యొక్క మనవి. ప్రతి యూరి శాఖయందును లెక్క తెలిసిన యిద్దఱు సభ్యులు, ఒకరు స్త్రీయైనచో మఱియు మేలు, ఇట్టి చెల్లింపుల వేళ సాక్షులుగా నిలుచుటకు ముందునకు రావలయును. వారు సొమ్ము ముట్టనక్కఱలేదు, పిన్ను నడుగరాదు, ప్రక్కనుండి రశీదు చూచినఁ జాలును. నాఁటి షాహుకారు చేసిన పని వారు నేఁడు చేసినవారగుదురు.

జాగ్రత్తపడుట యెదుటివాని నవమానించుట కాదు. నిజాయితీగలవాఁడు రశీదీయ వెనుదీయఁడు. నా మాటలు ఒక్క యింటివారికైనను ఉపకరించినచో ధన్యుఁడను.