శ్వాసనాళాల శోథ – ఉబ్బసం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భమున తల్లిదండ్రుల సదస్సులో ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదేండ్ల పండుగలో వ్యాధి ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చు. నేను వైద్యురాలిని కాను. జీవశాస్త్రం బోధించిన దానిని మాత్రమే. అయినా ఈ విషయాన్ని ఎన్నుకొనడానికి కారణమున్నది.

సుమారు ఇరువది సంవత్సరాల క్రిందట ఏడవ తరగతిలో ఒక బాలిక ఉండేది. చదువులో ముందుండేది కనుక నల్లబల్ల తుడిచే పని ఆమెకే అప్పగించాను. పిల్లలు దానిని గౌరవంగా భావించేవారు. తుడిచి వచ్చి కూర్చున్న ప్రతిసారీ దగ్గేది. పాఠానికి అంతరాయం కలుగుతున్నదని ఒకనాడు ఆమెను వరండాలో నిలబెట్టాను. ఆ రాత్రి ఆమెను ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. మరునాడు చూడబోతే తల్లి నన్ను ప్రక్కకు పిలిచి, "టీచరమ్మా, పిల్లకు ఉబ్బసమున్నదని బళ్లో ఎవరికీ చెప్పకండి, రేపు సంబంధాలు రావు" అన్నది. వైద్యుడు వ్రాసిచ్చిన పీల్చే మందును ఆరు నెలల క్రిందటే మాన్పించిందట. ఎందుకమ్మా అంటే, "పిల్లికూతలు ఆగిపోయినయి గదా" అన్నది.

కూతలు ఆగినవి, వ్యాధి ఆగలేదు. నేను చెప్పదలచినదంతా ఈ రెండింటి నడుమనే ఉన్నది.

మన శ్వాసనాళం ఛాతీలో రెండుగా చీలి, ఆపై ఇరువదికి పైగా అంతరువులలో శాఖోపశాఖలుగా విడిపోతుంది. ఆ సన్నని నాళికల లోపలి గోడకు తడి పొర, దాని చుట్టూ కండరపు పట్టీలు ఉంటవి. ఉబ్బసం గలవారిలో చాలామందికి శరీర రక్షణ వ్యవస్థ ఒక పొరపాటు చేస్తుంది. పరుపులలోని ధూళిపురుగుల మలం, పుప్పొడి, బూజు వంటి నిరపాయకరమైన వాటిని శత్రువులుగా ఎంచి, ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. ఈ ఐజీఈని 1966లో ఇషిజాకా దంపతులు కనుగొన్నారు. అవి నాళాల గోడలలోని మాస్ట్ కణాలపై కూర్చుని ఎదురుచూస్తూ ఉంటవి. అదే ధూళి మరల తగిలినప్పుడు ఆ కణాల నుండి హిస్టమిన్ మొదలైన రసాయనాలు వెలువడతవి. నిమిషాలలో కండరం బిగుసుకుంటుంది. ఇది మొదటి అంకం.

రెండవ అంకం కొన్ని గంటల తరువాత మొదలవుతుంది. రక్తం నుండి ఈయోసినోఫిల్ అనే తెల్లకణాలు అక్కడికి చేరుకుంటవి. గోడ వాస్తుంది, కళ్లె చిక్కబడుతుంది. మధ్యాహ్నం దుప్పట్లు దులిపిన ఇంటిలో రాత్రి ఆయాసం రావడానికి కారణమిదే. ఈ వాపునే శాస్త్రంలో శోథ అంటారు. కూతలు లేని రోజులలో కూడ ఇది కొంత మిగిలే ఉంటుంది. వాచిన నాళానికి పొగ, చలిగాలి, జలుబు, చివరకు పకపక నవ్వు సైతం చాలు, మరల బిగుసుకోవడానికి. నా విద్యార్థినికి సుద్దపొడి మూలకారణం కాకపోవచ్చు. అప్పటికే వాచి ఉన్న నాళాన్ని అది రేపింది. ఏండ్ల తరబడి చికిత్స లేకపోతే గోడలు శాశ్వతంగా దళసరి కావచ్చు.

గణితం వారికి ఒక మాట. గొట్టపు వ్యాసార్థం సగమైతే ప్రవాహానికి నిరోధం రెట్టింపు కాదు, పదహారు రెట్లవుతుంది. పిల్లల నాళాలు మొదలే సన్నవి.

ఇక మందులు. సాల్బుటమాల్ బిగిసిన కండరాన్ని సడలిస్తుంది, వాపును తగ్గించదు. బుడెసొనైడ్ వంటి పీల్చే స్టిరాయిడ్ వాపును తగ్గిస్తుంది, కాని నిదానంగా, ప్రతిదినమూ వాడితేనే. ఒకటి మంట ఆర్పే నీరు, రెండవది నిప్పే పుట్టకుండ చూచే జాగ్రత్త. ఉపశమనపు మందు ఒక్కదానితోనే నెట్టుకురావడం క్షేమం కాదని, పన్నెండేండ్లు దాటిన వారి విషయంలో అంతర్జాతీయ మార్గదర్శక సంస్థ గినా 2019లో స్పష్టం చేసింది. పీల్చే మందు "పెద్ద మందు", అలవాటు పడిపోతుంది అని మన ఇండ్లలో భయం. సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాములుంటే, ఒక పీల్పులో ఉండేది 100 మైక్రోగ్రాములు, అంటే నలుబదవ వంతు. నేరుగా చేరవలసిన చోటికే చేరుతుంది కనుక అది సరిపోతుంది. స్టిరాయిడ్ పీల్చిన తరువాత నోరు పుక్కిలిస్తే చాలు.

చేప మందు సంగతి దాటవేస్తే మీరే అడుగుతారు. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం వారు బ్రతికిన కొర్రమీను పిల్ల నోటిలో మందు పెట్టి మింగిస్తారు. ఇప్పుడు దానిని ప్రసాదమంటున్నారు. మన బడి తెరిచిన కొద్ది రోజులకే ఆ కార్తె వస్తుంది, హాజరుపట్టీలో ఖాళీలు కనబడతవి. నేను కూడ చిన్ననాడు తమ్ముని వెంట తెల్లవారుజాము వరకు ఆ వరుసలో నిలబడినదాననే; ఎవరి విశ్వాసాన్నీ ఎద్దేవా చేయను. కాని మింగినది అన్నవాహికలోనికి పోతుంది, శ్వాసనాళంలోనికి కాదు. పైగా ఉబ్బసం దానంతటదే హెచ్చుతూ తగ్గుతూ ఉండే వ్యాధి. చాలామంది పిల్లలకు వయసుతో తగ్గుతుంది కూడ. ఆ తగ్గుదల ఏ మందు తరువాత వస్తే దానికి ఆ కీర్తి దక్కుతుంది. వెళ్లదలచినవారు వెళ్లండి. ఇన్హేలరును మాత్రం ఇంటిలో వదలి వెళ్లకండి.

బెంగళూరులో డాక్టర్ హెచ్. పరమేశ్ తమ ఆసుపత్రికి వచ్చిన పిల్లలను పరిశీలించగా, ఉబ్బసం గలవారు 1979లో 9 శాతం, 1999లో 29.5 శాతం. అది మహానగరం, వాహనాల పొగ అనవచ్చు. మన బీదరులో కంది నూర్పిళ్ల దుమ్ము, ఖాళీ స్థలాలలో వయ్యారిభామ పుప్పొడి, కట్టెల పొయ్యి, బిద్రీ పనివారి ఇండ్లలో ఆకురాయి పొడి లేవా? పొయ్యి ముందు జీవితం గడిపిన మన అమ్మమ్మల దగ్గు వేరొక జాతి శోథ. అది వచ్చిన తరువాత పూర్తిగా వెనుకకు మరలదు.

ఆనాటి బాలిక ఈ సభలో ఉన్నది, తన కుమార్తెతో. పేరు చెప్పవచ్చునని నిన్న అనుమతించింది, అయినా చెప్పను.

నల్లబల్లను తడిగుడ్డతో తుడిపించడం చాలా కాలంగా చేస్తున్నాము. ఉబ్బసమున్న పిల్లల పేర్లు, వారి మందుల వివరాలు వ్రాసుకొనే పుస్తకం ఒకటి నా గదిలో ఉన్నది, ఇతరులకు చూపము. ఈ సంవత్సరం అందులో నాలుగే పేర్లున్నవి. ఇంతమంది పిల్లలలో నలుగురే ఉంటారని నేను నమ్మలేను. సభ ముగిసిన తరువాత గంటసేపు నేను ఆ గదిలోనే కూర్చుంటాను.