ఒక్క గదికా, ఇల్లంతటికా?
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక నెల తిరిగేసరికి రోళ్ళు పగిలే ఎండలు వస్తవి. తమిళ సోదరులు అగ్నినక్షత్రమనే ఆ దినాలలో మన మేలూరులో కంటినిండా నిద్రపోయే ఇల్లు అరుదు. శీతదేశాలవారు ఒక్క గదిలో గ్యాసు కుంపటి పెట్టుకుందామా, ఇల్లంతటికీ వేడినీటి గొట్టాలు వేయించుకుందామా అని తర్కించుకుంటారు. మన చిక్కు దానికి తలక్రిందులు. ఒక్క గదికి ఏ.సీ. కొనడమా, ఇల్లంతా చల్లబడే ఉపాయం చేయడమా?

నేను రైల్వే గుమాస్తాను గనుక మా శాఖ సంగతితోనే మొదలుపెడతాను. 1934లో ఫ్రాంటియర్ మెయిలుకు చల్లని పెట్టె తగిలించినప్పుడు, దాని అడుగున మంచుదిమ్మలు నింపి వాటిమీదుగా గాలి తోలేవారు. దారి స్టేషన్లలో మళ్ళీ మంచు నింపేవారు. ఏ.సీ.ని నేటికీ టన్నుల లెక్కన కొనడం మంచు వాడిన కాలపు గుర్తే. 24 గంటలలో ఒక టన్ను మంచును కరిగించేంత వేడిని తీసివేయగల శక్తి ఒక టన్ను.

ఇక ఖర్చు చూడండి. టన్నున్నర యంత్రం సగటున గంటకొక యూనిట్టు వాడుతుందనుకుందాం. రాత్రికి 8 గంటల చొప్పున, రెండు నెలల బిల్లులో 60 రాత్రులకు 480 యూనిట్లు. 75 వాట్ల పంకా అంతసేపూ తిరిగినా 36 యూనిట్లే. పైగా వాడకం పెరిగినకొద్దీ యూనిట్టు ధర కూడా మెట్లెక్కుతుంది.

డబ్బు మాట అటుంచండి. ఆ గదిలో ఎవరు పడుకోవలెను? మా ఇంట ఆరుగురం. పిల్లలతో మేము లోపల తలుపు మూసుకుంటే అమ్మా నాన్నా హాలులో ఉడికిపోవలసిందే. "మాకెందుకురా, పొలం గట్టున పడుకున్నవాళ్ళం" అంటారు మా నాన్న. కాని ఎండదెబ్బకు ముందుగా లొంగేది ముసలిప్రాణం, పసిప్రాణం. పెద్దల మొహమాటాన్ని నమ్మి తలుపు వేసుకోవడం న్యాయమా?

అసలు వేడి వచ్చేది నెత్తిమీది కప్పునుంచి. సిమెంటు కప్పు పగలంతా తాగిన ఎండను రాత్రి గదిలోకి కక్కుతుంది. మన పూర్వులకిది తెలుసు. మండువా ఇళ్ళు అందుకే కట్టారు. 1636 నాటి మధుర తిరుమల నాయకుని మహలులో నిలబడి చూడండి. ఎత్తయిన కప్పు, దళసరి గోడలు, నడుమ విశాలమైన ముంగిలి.

అంత ఇల్లు మనం కట్టలేము, సున్నం వేయగలం. 2017లో హైదరాబాదులోని ఒక పేదవాడలో ఇళ్ళ కప్పులపై తెల్లని పొర పరచి చూస్తే లోపలి గాలి సగటున 2 డిగ్రీలు చల్లగా ఉన్నది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమే ప్రకటించింది. రెండు డిగ్రీలతో ఏ.సీ. సుఖం రాదు, నిజమే. కాని ఆ చల్లదనం ఇంటిల్లిపాదికీ అందుతుంది, కరెంటు పోయినా ఉంటుంది.

కనుక నా సలహా ఇది. ముందుగా కప్పు బీటలు పూడ్చి తెల్లసున్నమో, ఎండను తిప్పికొట్టే రంగో వేయించండి. దుమ్ము పడితే తెలుపు పనిచేయదు, కడుగుతుండవలెను. పడమటి కిటికీకి బయటినుంచి తడిక కట్టండి. పగలు కిటికీలు మూసి రాత్రి తెరవండి. ఆపైన సొమ్ము మిగిలితే ఏ.సీ. కొనండి, కాని పెద్దలూ పిల్లలూ కలిసి పడుకునే గదిలోనే పెట్టండి. 2020నుంచి కొత్త యంత్రాలు 24 డిగ్రీలకు అమర్చి వస్తున్నవి. దానిని 18కి దించే పని లేదు. 26కు పెంచి పంకా కూడా వేసుకుంటే చాలు.

ఈ వేసవి మన ఇళ్ళలో అందరికీ నిద్రపట్టుగాక. సెలవు.