కట్టువాని కాలము, గీయువాని నిర్ణయము



ఒకవంక మౌలాలి గుట్టయు, మరియొకవంక నాచారము పారిశ్రామికవాడయు గల ఈ ప్రదేశమునందు జరుగుచున్న కట్టడ రూపకర్తల సభకు నన్ను అధ్యక్షునిగా నెన్నుకొన్నందులకు మీకు కృతజ్ఞుడను. కట్టడము ఆలస్యమైనప్పుడెల్ల మేస్త్రీని నిందించుటయు, కూలీలు దొరకుట లేదని విచారించుటయు మనకు పరిపాటియైనది. కాని పనివాని దినములో ఎంతభాగము సార్థకమగునో, ఎంతభాగము వ్యర్థమగునో, అతడు పనిముట్టు చేతబట్టుటకు నెలల ముందే, నమూనాలు గీయు గదిలో మనచేతనే చాలవరకు నిర్ణయింపబడుచున్నదని నా దృఢవిశ్వాసము. నేటి ప్రసంగమున ఆ ఒక్క విషయమునే మనవిచేయదలచితిని.

1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమును కాంక్రీటుతో గాక రాతికట్టడముగా నిర్మింప నిశ్చయించిన పెద్దల ఆలోచనను స్మరింపుడు. సిమెంటు కరవై, విదేశమారకద్రవ్యము అంతకంటె కరవై, భారీయంత్రములు దుర్లభములై, పనిచేయు చేతులు మాత్రము సమృద్ధిగానున్న దినములవి. రాతిని చేపట్టుట ఆ కాలమునకు వెనుకబాటు కాదు, వివేకము. ఏది కరవో దానిని పొదుపుచేసి, ఏది పుష్కలమో దానిని వినియోగించు రూపమును ఎన్నుకొనుటయే ఆనాటి ఇంజనీర్ల ఘనత. నేడు పరిస్థితి తారుమారైనది. సిమెంటు పుష్కలము, సెంట్రింగు తెలిసిన వడ్రంగియు, ఊచలు వంచి కట్టు నేర్పరియు ఒడిశా, బిహారు, బెంగాలు ప్రాంతములనుండి రావలసియున్నది. నగరవీథిని మూసివేయదగిన ప్రతి గంటయు అంతకంటె విలువైనది. అయినను మన నమూనాలలో పెక్కు ఇప్పటికిని ఇనుమును పొదుపుచేయుట యందే తలమున్కలైయుండి, మనుష్యుని పూటను లెక్కకే తెచ్చుకొనకున్నవి.

ఈ తారుమారును గుర్తించి రూపకల్పన చేసిన కట్టడము ఇక్కడికి సమీపముననే కలదు. నాగోలునుండి ఉప్పల్, హబ్సిగూడ, తార్నాకల మీదుగా సికింద్రాబాదు వైపు సాగు మెట్రో రైలు మార్గమునకు 2012లో పనులారంభమైనవి. 2017 నవంబరు 28న నాగోలు, మియాపూరుల నడుమ మార్గము ప్రారంభింపబడినది. నిత్యము వేలకొలది వాహనములు తిరుగు ఆ రాజమార్గము మీద అడుగునుండి సెంట్రింగు నిలిపి పైమార్గమును పోతపోయవలసివచ్చిన యెడల, ఎంత చురుకైన మేస్త్రీయైనను ఏమి చేయగలడు? కావున వీథి నడుమ ఒంటిస్తంభముల వరుసను నిలిపి, వాని మీది పెట్టెదూలమును చిన్నచిన్న సెగ్మెంటులుగా విభజించి, ఉప్పల్ లోను, కుత్బుల్లాపూరు లోను ఏర్పరచిన యార్డులలో పోతపోసిరి. ముందటి సెగ్మెంటు ముఖమునే అచ్చుగా గైకొని తరువాతిదానిని పోయుదురు గనుక, రెండింటి అతుకులు పైకెత్తిన పిమ్మట వెంట్రుకవాసి తేడా లేక కుదురుకొనును. లాంచింగు గర్డరు ఆ తునుకలను వ్రేలాడదీసి పట్టుకొనగా, లోపల ఉక్కుతీగలను లాగి బిగింపగనే అవి ఏకదూలమగుచున్నవి. వీథిలో పునాది త్రవ్వుచుండగనే యార్డులో పైభాగము సిద్ధమగుచుండెను. ఒకదాని తరువాత ఒకటి జరుగవలసిన పనులు రెండు ఏకకాలమున సాగినవి. ఈ లాభమును తెచ్చినది కూలీల వేగిరపాటు కాదు, దూలమును ఎక్కడ ఖండింపవలెనను రూపకర్త నిర్ణయము.

ఇట్టి మహానిర్మాణములు కొందరికే లభించును. మనలో పెక్కుమందిమి గీయునవి అయిదంతస్తుల నివాసగృహములు, నాచారము షెడ్లు, హౌసింగ్ బోర్డు కాలనీలలో పాతయింటి స్థానమున లేచు కొత్తయిండ్లు. అచ్చటి కష్టము మరింత సూక్ష్మమైనది. స్తంభము గోడలో దాగవలెనను కోరికకు లోబడి దానిని 230 మిల్లీమీటర్లకు కుదించి, బీమునకును అదే వెడల్పు నిత్తుము. కాగితము మీద రెండు గీతలు చక్కగా కలిసినవి. కాని స్తంభపు మూల ఊచయు, బీము మూల ఊచయు ఒకే స్థలమును కోరుచున్నవి. పనివాడు ఊచను వంచి, త్రోసి, సుత్తితో కొట్టి ఎట్లో ఇమిడించును. ఆ ఇరుకులో వైబ్రేటరు దిగదు. సెంట్రింగు విప్పినప్పుడు కంకర తేలిన గుల్లలు బయటపడును. వానిని పూడ్చుటకు మరల కూలి. భూకంపములను తట్టుకొను వివరములకై ఏర్పడిన 13920వ భారతీయ ప్రమాణము 2016 నాటి సవరణలో స్తంభపు కనిష్ఠ పార్శ్వమును 300 మిల్లీమీటర్లుగా విధించినది. అది బలమునకై చెప్పిన నియమమే యైనను, కడ్డీ కట్టువాని వ్రేళ్లకు కూడ కొంత చోటు కల్పించినదని నా భావము.

అట్లే ప్రతి అంతస్తునందును స్తంభమును కొంచెము కొంచెముగా తగ్గించుట. మిగిలిన కాంక్రీటు విలువను లెక్కగట్టుదుము గాని, క్రింది అంతస్తున వాడిన సెంట్రింగు పలకలు పైన పనికిరాక కోయవలసివచ్చిన రంపపుపనిని ఎవరును లెక్కగట్టరు. కొలతను మార్పక, లోపలి ఇనుమునే తగ్గించిన యెడల, అదే అచ్చు అంతస్తు వెంట అంతస్తు ఎక్కును. మూడవ స్లాబునకు వచ్చుసరికి పనివారు నమూనా చూడకయే చేయగలుగుదురు. పెద్ద సముదాయములలో మైవాన్ అల్యూమినియము అచ్చులు లాభించుట ఈ పునరావృత్తి వలననే. పది విధముల గదులున్న చోట అవి భారమే యగును.

ఈ బాధ్యతను చట్టముగా నిలిపిన దేశమొకటి కలదు. సింగపూరునందు 2001లో, కట్టడపు రూపకల్పన ఎంత సులభముగా నిర్మింపదగినదో గుణాంకము వేసి, కనిష్ఠాంకము రానిచో అనుమతి నీయరాదను నియమమును తెచ్చిరి. మన పురపాలక కార్యాలయములు ఖాళీస్థలమును, ఎత్తును కొలుచుచున్నవే గాని దీనిని కొలుచుట లేదు. అయితే రూపకల్పన సర్వరోగ నివారిణి యని నేననను. 2018లో శంకుస్థాపన జరిగిన ఉప్పల్–నారపల్లి పైవంతెన స్తంభములు సంవత్సరముల తరబడి పైభాగము లేక నిలిచి, ఆ దారిని పోవువారిని ధూళిలోను, గుంతలలోను ఎంత బాధించినవో ఈ సభలో నెరుగనివారుండరు. భూసేకరణ వంటి చిక్కులను ఏ నమూనాయు విప్పజాలదు. మన చేతిలో నున్నంతవరకే మనము బాధ్యులము. కాని ఆ యున్నంతయు స్వల్పము కాదు.

ఈ సభలో పత్రములు చదువు యువమిత్రులకు నా కోరిక యొకటి. కట్టడమునకు పట్టిన ఇనుము బరువుతోపాటు, అచ్చులను ఎన్నిమారులు తిరిగి వాడిరో, ఎన్ని వేర్వేరు కొలతల స్తంభములున్నవో, ఏ కూడలిలో ఊచలు ఇమడక పని నిలిచెనో కూడ తెలుపుడు. మొదటి పత్రము పునాదులను గూర్చినది. ఒక స్తంభము క్రింద నాలుగడుగులకే బండ తగిలి, ప్రక్కదాని క్రింద మొరము మాత్రమే కనుపించు మౌలాలి నేలలో దీనికి మించిన ఆరంభము లేదు. పత్రకర్తను వేదికమీదికి ఆహ్వానించుచున్నాను.