దరఖాస్తుకూ డబ్బుకూ మధ్య

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జిల్లా పరిషత్ హైస్కూల్లో దాదాపు ముప్పై ఏళ్లుగా సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. వికలాంగ విద్యార్థుల పైచదువులకు దొరికే ఆర్థిక సహాయం గురించి పదిహేను నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. పథకాల పేర్లు చదవడానికి అయిదు నిమిషాలు చాలు. అవి మన పిల్లల దాకా ఎందుకు రావడం లేదో చెప్పాలంటే మాత్రం ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. పేరు చెప్పను. మీరూ అడగవద్దు.

ఆ అమ్మాయి ఎనిమిదో తరగతిలో మా స్కూల్లో చేరింది. మొదటి బెంచీలో కూర్చునేది. అయినా బోర్డు మీద చూసి రాసేది కాదు, పక్క పిల్ల నోటుపుస్తకం కళ్లకు ఆనించుకుని రాసుకునేది. చూపు మందం. అద్దాలతో సరిపోయేది కాదు. తండ్రి తోపుడు బండి మీద పండ్లు అమ్ముతాడు. పిల్ల మాత్రం ఒకసారి వింటే చాలు, పాఠం అప్పజెప్పేది. పదో తరగతిలో ఉండగా వాళ్ల అమ్మను పిలిపించి, సదరం క్యాంపుకు తీసుకెళ్లి సర్టిఫికెట్ చేయించమన్నాను. ఆవిడ కాసేపు తల వంచుకుని, "వద్దు మేడమ్. ఆ కాగితం చేతికొస్తే రేపు దీనికి సంబంధాలు రావు" అంది.

దాతలారా, మొదటి అడ్డంకి ఇది. ఇది ఏ ఆఫీసులోనూ లేదు, మన ఇళ్లలో ఉంది. ఆ తల్లిని నేను తప్పుపట్టను. ఆమె భయం మనందరం కలిసి పెట్టిన భయమే. కానీ సర్టిఫికెట్ లేకపోవడం వల్ల ఆ పిల్ల పదో తరగతి పరీక్షలు అందరితో సమానంగా, అదే టైములో రాసింది. చూపు లేని, చూపు మందగించిన విద్యార్థులకు పరీక్షలో గంటకు ఇరవై నిమిషాల అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే సహాయకుడు ఉండాలని కేంద్రం 2013లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అది ఆమెకు అందలేదు.

ఇంటర్ అయ్యాక ఆ పిల్లే ఇంట్లో నోరు విప్పింది. "అమ్మీ, నాకు కనబడదని వీధిలో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉంటున్నది మనమే" అందట. ఆ మాటతో తల్లి మెత్తబడింది. సచివాలయంలో స్లాట్ తీసుకున్నారు. ప్రభుత్వాసుపత్రికి మూడు సార్లు తిరిగారు. తిరిగిన ప్రతిసారీ తండ్రికి ఆ రోజు బండి లేదు, బేరం లేదు. చివరికి సర్టిఫికెట్ చేతికొచ్చింది. అప్పటికి డిగ్రీ మొదటి ఏడాది దరఖాస్తు గడువు దాటిపోయింది.

రెండో ఏడాది నేనే పూనుకున్నాను. ముందు పేరు దగ్గర ఆగాం. మన ఇళ్లలో ఇది మామూలే. 'షేక్' అన్న మాట ఇంగ్లీషులో పదో తరగతి మెమోలో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంటుంది. ఒకచోట ముందుంటే మరోచోట చివరికి పోతుంది. ఒకదాంట్లో బేగం ఉంటే ఇంకోదాంట్లో ఉండదు. మనకు అది ఒకే మనిషి. కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు. ఆధార్ సరిచేయించడానికే నెల పట్టింది.

తర్వాత ఒక ఆదివారం మా ఇంట్లో కూర్చుని జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పూర్తి చేశాం. ప్రింటు తీసుకున్నాం. మా ఇంట్లో సేమ్యా చేసుకుని తిన్నాం. పని అయిపోయిందనుకున్నాను.

పని అవలేదు. మేం రాసిన ఫీజు అంకెకూ రసీదులోని అంకెకూ తేడా ఉందని కాలేజీ స్థాయిలో దరఖాస్తును సవరణ కోసం తిప్పి పంపారు. ఆ కబురు తండ్రి ఫోన్ నంబరుకు వెళ్లింది. రీచార్జి లేక ఆ నంబరు ఆగిపోయి ఉంది. సంక్రాంతి సెలవుల్లో నేను తెరిచి చూసేసరికి సవరణ గడువు ముగిసింది. అయిదు నిమిషాల్లో దిద్దగలిగిన తప్పుకు ఒక సంవత్సరం సహాయం పోయింది. తప్పు ఆ పిల్లది కాదు, తండ్రిది కాదు. చదువుకున్నదాన్ని, బీఈడీ చేసినదాన్ని, తప్పు నాది. దరఖాస్తు పంపడమే పని అనుకున్నాను. పంపాక కూడా పని ఉంటుందని తెలుసుకోలేదు.

అప్పుడు ఆ అమ్మాయి నన్నేమీ అనలేదు. "ఈ ఏడు మానేస్తాను మేడమ్, తర్వాత చూద్దాం" అంది. మానేసిన పిల్లలు తర్వాత రావడం నా ముప్పై ఏళ్లలో చాలా తక్కువసార్లు చూశాను. ఆ వారం ఈ సభలో ఉన్న ఒకాయన పరీక్ష ఫీజు, ఆరు నెలల బస్ పాస్ డబ్బు ఇచ్చి ఆదుకున్నారు. పెద్ద మొత్తం కాదు. కానీ అందాల్సిన వారంలో అందింది. మూడో ఏడాది స్కాలర్‌షిప్ వచ్చింది. ఆమె డిగ్రీ పూర్తి చేసి ఇప్పుడు బీఈడీ చదువుతోంది, అల్‌హమ్దులిల్లాహ్.

ఇక పథకాల సంగతి. రాసుకునే వాళ్లు రాసుకోండి.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 21 రకాల వైకల్యాలను గుర్తించారు. పోలియో, అంధత్వం, చెవుడు మాత్రమే అనుకోవద్దు. తలసీమియా, హిమోఫిలియా, చదవడంలో రాయడంలో కలిగే అభ్యసన లోపం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, చేరే వయసులో అయిదేళ్ల సడలింపు ఈ చట్టం ఇచ్చింది.

తొమ్మిది, పది తరగతులకు ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్, ఇంటర్ నుంచి పీజీ దాకా పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కేంద్ర వికలాంగుల సాధికారత విభాగం ఇస్తుంది. తల్లిదండ్రుల ఏడాది ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. ఐఐటీ వంటి ఎంపిక చేసిన పెద్ద సంస్థల్లో సీటు వస్తే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ వేరే ఉంది. పరిశోధనకు ఫెలోషిప్ ఉంది. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో ఇంజినీరింగ్, డిప్లొమా వంటి సాంకేతిక కోర్సుల్లో చేరినవారికి 'సక్షమ్' పేరుతో ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. దానికి కుటుంబ ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలు. ఒకే చదువుకు రెండు స్కాలర్‌షిప్‌లు తీసుకోకూడదు. కాబట్టి రాష్ట్ర ప్రభుత్వ సాయం మేలా, కేంద్రానిది మేలా అన్నది లెక్క వేసుకుని ఒకటి ఎంచుకోవాలి. బీసీ-ఇ సర్టిఫికెట్ ఉంది కదా అని చాలామంది అక్కడితో ఆగిపోతున్నారు, వైకల్యం కింద ఏముందో చూడటమే లేదు.

కావలసిన కాగితాలు ఇవి: సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, పాత మార్కుల మెమోలు, కాలేజీ బోనఫైడ్, ఫీజు రసీదు, ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా. సదరం సర్టిఫికెట్ తాత్కాలికమా, శాశ్వతమా అన్నది చూసుకోండి. తాత్కాలికమైతే గడువు తేదీ ఉంటుంది. చదువు మధ్యలో గడువు ముగిస్తే రెన్యువల్ ఆగుతుంది. ఖాతా వాడకంలో ఉందో లేదో కూడా చూసుకోండి. ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాలో డబ్బు పడదు.

ఇప్పుడు మిమ్మల్ని అడగవలసినవి అడుగుతాను.

ఒకటి. మన సొసైటీకి వచ్చే డబ్బులో ఎక్కువ భాగం రంజాన్‌లో వస్తుంది, రంజాన్‌లోనే ఖర్చవుతుంది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కాలేజీ క్యాలెండర్ జరగదు. పిల్లకు డబ్బు కావలసింది జూన్‌లో సీటు తీసుకునేటప్పుడు, వానాకాలంలో కాగితాలకు తిరిగేటప్పుడు, పరీక్ష ఫీజు కట్టేటప్పుడు. స్కాలర్‌షిప్ మంజూరైనా చేతికి అందేది ఎంతో ఆలస్యంగా. దరఖాస్తుకూ డబ్బుకూ మధ్య ఉన్న ఆ నెలల కోసం కొంత మొత్తం విడిగా ఉంచండి. అందులో జకాత్ ఎంత వాడవచ్చు, ఇతర విరాళాలు ఎంత అన్నది మన ఆలిములను అడిగి తేల్చుకుందాం. అది నేను చెప్పదగిన విషయం కాదు.

రెండు. డబ్బు కంటే ముందు మనిషి కావాలి. ఒక్కో విద్యార్థికి చదువుకున్న ఒక్కో యువకుడినో, యువతినో అప్పగించండి. ఆసుపత్రికి వెంట వెళ్లడం, పేర్లు సరిచూడటం, దరఖాస్తు పంపాక వారానికోసారి పోర్టల్ తెరిచి ఏ దశలో ఉందో చూడటం, కాలేజీలో, పైస్థాయిలో పరిశీలన పూర్తయ్యేదాకా వదలకపోవడం వాళ్ల పని. మరుసటి ఏడాది రెన్యువల్ కూడా వాళ్లదే. పరీక్షలకు సహాయకులు దొరక్క ఇబ్బంది పడే పిల్లలున్నారు. ఆ సేవకు పైసా ఖర్చు లేదు, మూడు గంటలు చాలు.

మూడు. ఇది కాస్త కష్టంగా ఉంటుంది, మన్నించండి. చెక్కులు ఇచ్చేటప్పుడు ఈ పిల్లల్ని వేదిక మీదకు పిలవద్దు, ఫొటోలు తీయించవద్దు. సంబంధాలు రావని భయపడ్డ ఆ తల్లిని ఒకసారి గుర్తు చేసుకోండి. మన ఫ్లెక్సీ మీద కూతురి ఫొటో వేస్తారని తెలిస్తే ఇంకో తల్లి గడప దాటి రాదు. కవర్‌లో పెట్టి ఇవ్వండి, ఖాతాలో వేయండి. లెక్క సొసైటీ రిజిస్టర్‌లో ఉంటే చాలు.

హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వృత్తాంతం మీకు తెలిసిందే. చూపు లేని ఆయన నేర్చుకోవాలని వచ్చిన సందర్భంలోనే 'అబస' సూరా అవతరించింది. తర్వాత మదీనాలో అజాన్ ఇచ్చినవారిలో ఆయన ఒకరు. నేర్చుకోవాలని వచ్చినవాణ్ణి ముందు పట్టించుకోవాలన్న పాఠం మనకు కొత్తది కాదు. ఆచరణలోనే వెనకబడ్డాం.

ఈ ఏడాది మా స్కూల్లో పదో తరగతిలో ఇద్దరు పిల్లలున్నారు. ఒకరికి వినికిడి లేదు, ఒకరు కర్ర సాయంతో నడుస్తారు. ఇద్దరికీ సదరం సర్టిఫికెట్ ఉంది, పేర్లు సరిచేయించాం. ఇంటర్‌లో చేరగానే వాళ్ల దరఖాస్తులు చూసే బాధ్యత, నేను ఇందాక చెప్పిన అమ్మాయే తీసుకుంది. ఫోన్ చదివి వినిపిస్తుంటే విని, పోర్టల్‌లో ఏముందో నాకు చెబుతుంది. నాకంటే జాగ్రత్తగా చూస్తుంది. ఆమె ఈ సభలోనే కూర్చుని ఉంది. పైకి పిలవను. ఇంకా అలాంటి పదిమంది కావాలి. సభ అయ్యాక పేర్లు రాయదలచినవారు నా దగ్గరికి రండి, పుస్తకం, పెన్ను తెచ్చాను.