పూటకూళ్లవాని వంతు: పాలమూరు, నల్లగొండ సీమల్లో క్రైస్తవ వైద్య పరిచర్య

లూకా సువార్త పదవ అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానాన్ని బోధించేటప్పుడు, దొంగల చేతిలో దెబ్బలు తిని దారిన పడివున్న మనిషిని చూసి పక్కగా సాగిపోయిన యాజకుణ్ణి, లేవీయుణ్ణి తప్పుపట్టడం, యూదులు పొత్తు పెట్టుకోని సమరయ జాతివాడు ఆగి గాయాలు కట్టినందుకు మెచ్చుకోవడం ఆనవాయితీ. రెండు దేనారాలు, అంటే ఆనాటి లెక్కలో రెండు రోజుల కూలి, చేత పుచ్చుకుని, ఎన్నాళ్లకు లేస్తాడో తెలియని పరాయివాణ్ణి తన కప్పు కింద ఉంచుకున్న పూటకూళ్లవాడు మాత్రం వ్యాఖ్యాతల కంటికి అంతగా ఆనడు. సమరయుడు మర్నాడే తన పని మీద వెళ్లిపోగా, కట్లు విప్పి మళ్లీ కట్టడం, గంజి కాచి పోయడం, రాత్రంతా మూలుగు వినడం అతని వంతుకే వచ్చి ఉంటాయి. దక్షిణ తెలంగాణ మెట్ట సీమలో క్రైస్తవ కరుణకు చరిత్ర చెప్పబూనితే ఈ వంతును లెక్కలోకి తీసుకోక తప్పదు.

నాలుగో శతాబ్దంలో కైసరియ బిషప్పు బసిలి రోగుల కోసం, బాటసారుల కోసం కట్టించిన వసతిని వైద్యచరిత్రకారులు తొలి ఆసుపత్రుల్లో ఒకటిగా లెక్కిస్తారు. ఆ శతాబ్దంలోనే క్రైస్తవాన్ని వదిలి పాత దేవతల వైపు మళ్లిన రోమన్ చక్రవర్తి జూలియన్, క్రైస్తవులు తమ పేదలతోపాటు ఇతరుల పేదలనూ పోషిస్తున్నారని ఒక పూజారికి లేఖ రాస్తూ నొచ్చుకున్నాడు. ప్రత్యర్థి నోట వెలువడిన సాక్ష్యం కనుక దానికి విలువ ఎక్కువ.

తెలుగునాట ఈ కరుణకు ఎదురైన పెద్ద పరీక్షల్లో ఒకటి 1876-78 నాటి ధాత కరువు. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైబడిన భాగాన్ని తానే కంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి కూలి కల్పించాడు. అన్నం కోసం మతంలో చేరారన్న మాట పడకూడదని, సహాయం సాగినంతకాలం బాప్తిస్మం, అంటే నీట ముంచి సంఘంలో చేర్చుకునే సంస్కారం, ఇవ్వడం ఆపివేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను ఘనంగా చెప్పుకునే సంఘాలు దానికి ముందటి నిలుపుదలను అంతగా తలచుకోవు, నిజానికి తలచుకోదగినది అదే.

బాప్టిస్టుల పని నిజాం రాజ్యంలోకి వ్యాపించి, 1885లో ఎల్బర్ట్ చూట్ ఆధ్వర్యంలో పాలమూరులో, అంటే తర్వాత మహబూబ్‌నగర్ అయిన పట్నంలో, కేంద్రం వెలిసింది. 1890లో నల్లగొండకు అబ్రహాం ఫ్రీసెన్ వచ్చాడు. ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్. పదహారో శతాబ్దపు ఐరోపాలో శిశువుల బాప్తిస్మాన్ని, ఆయుధం పట్టడాన్ని నిరాకరించినందుకు వేటాడబడి, నెదర్లాండ్స్ నుంచి ప్రష్యాకు, అక్కడి నుంచి దక్షిణ రష్యాకు, 1870లలో సైన్యంలో చేరక తప్పని చట్టం వచ్చాక ఎందరో అమెరికాకు వలసపోయిన సమాజం వారిది. తరతరాలుగా పరాయి ఊళ్లలో తలదాచుకున్నవారు పరాయివాని కష్టాన్ని చూసే చూపు వేరుగా ఉండటంలో వింత లేదు. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల కేంద్రాలు ఆ సమాజంలోని ఒక శాఖ అయిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ చేతికి వచ్చాయి.

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఆ డాక్టర్ క్యాథరీనా షెలెన్‌బర్గ్ ఆ వలస కుటుంబాల బిడ్డే. 1870లో రష్యాలో పుట్టి, బాల్యంలో తల్లిదండ్రులతో అమెరికా చేరి, వైద్యం చదివి 1907లో హైదరాబాదు రాజ్యానికి వచ్చి, పాలమూరు బాట మీది శంషాబాద్‌లో ఆసుపత్రి నడిపి, 1945లో అక్కడే కన్నుమూసింది. ఘోషా పాటించే ఇళ్లలోనూ, మగ వైద్యునికి నాడి చూపడానికి సిగ్గుపడే ఊళ్లలోనూ స్త్రీ వైద్యురాలు లేకపోతే స్త్రీకి వైద్యమే లేని కాలం అది. మిషన్ ఆసుపత్రుల్లో వరుసలో కూర్చున్న రోగులకు సువార్త వినిపించేవారన్నదీ దాచవలసిన సంగతి కాదు; విన్నవాడూ విననివాడూ ఒకే మందు సీసా పట్టుకుని ఇంటికి వెళ్లారా అన్నదే అక్కడ అడగవలసిన ప్రశ్న.

మిషన్ చరిత్రల్లో విదేశీయుల పేర్లు నిండుగా కనిపిస్తాయి. మందులు కలిపిన కంపౌండర్లు, ఊరూరా తిరిగిన బైబిల్ స్త్రీలు, అంటే గడపగడపకూ వెళ్లి వాక్యం చెప్పి రోగులను పరామర్శించిన స్థానిక సేవకురాళ్లు, నర్సులు చాలాచోట్ల పేరు లేని సహాయకులుగానే మిగిలారు. ఈ సీమ సంఘాల్లో అత్యధికులు మాదిగ, మాల కుటుంబాలవారు. ఊరి బావిలో చేద వేయనివ్వని కులపు ఆడబిడ్డ ఆ ఊరి పెద్దింటి బాలింతకు ఊడిగం చేసి, నెత్తురు గుడ్డలు ఉతికి, తిరిగి ఊరి చివరి వాడకే నడిచి వెళ్లవలసి వచ్చిన చోట, లూకా చెప్పిన సమరయుని స్థానం మిషనరీ కంటె ఆమెకే దగ్గర. మిషనరీ దొరకు లేని అవమానం ఆమెకు ఉన్నది, దొరకు ఉన్న సెలవు ఆమెకు లేదు.

కుష్ఠు, ఊళ్లో పెద్దరోగమనే వ్యాధి, పూటకూళ్లవాని వంతు ఎంత దీర్ఘమైనదో చూపుతుంది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో మెథడిస్టు వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో ప్రారంభించిన కుష్ఠు ఆసుపత్రికి లక్ష రూపాయలు ఇచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ వ్యాపారి. అప్పటి చికిత్స ఒక గింజల నూనెను సూది ద్వారా నెలల తరబడి, ఏళ్ల తరబడి ఎక్కించడం. తర్వాతి కాలంలో నల్లగొండలో ఇటలీకి చెందిన కథోలిక గురువు లుయీజీ పెజ్జోనీ కుష్ఠురోగుల ఆరోగ్య కేంద్రం నడిపాడు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేశాక రోగి ఇంటి దగ్గరే నయమయ్యే వీలు కలిగింది గాని, వంకరపోయిన వేళ్లు, స్పర్శ పోయిన పాదాల పుండ్లు బిళ్లలతో మానవు.

1950లలో జడ్చర్లలో స్థిరపడిన మెన్నోనైట్ బ్రదరెన్ వైద్య కేంద్రం ఉన్నది హైదరాబాదు-బెంగళూరు రహదారి ఊళ్లోనే. ఆ రహదారిపై ప్రమాదాన్ని చూసిన ప్రయాణికుడు ఆగడానికి జంకేది రక్తానికి కాదు, పోలీసు ఠాణాకూ కోర్టు వాయిదాలకూ. క్షతగాత్రుని చేర్చినవాణ్ణి నిర్బంధించరాదనీ, పేరు చెప్పమని బలవంతపెట్టరాదనీ 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఎ సెక్షను అతనికి రక్షణ కల్పించాయి. ఆ రక్షణ పొందేవానికి భారతీయ చట్టం పెట్టిన పేరు లూకా కథలోనిదే. చేర్చుకున్న ఆసుపత్రి ఖర్చు కోసం 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల వరకు, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల పాటు వర్తిస్తుంది. వెన్నెముక విరిగిన పాలమూరు వలస కూలీకి ఎనిమిదో రోజు నుంచి కట్లు మార్చేవారెవరో, అతని మంచానికి డబ్బు కట్టేవారెవరో ఆ పథకంలో లేదు.