పెద్దవారి చేతిలో ఉలి: ఇంటివారికి నాలుగు మాటలు



డిశ్చార్జి రోజున మీలో చాలామంది అడిగేది ఒక్కటే. "సిస్టర్ గారూ, నాన్న ఇక ఏ పనీ చేయకూడదా?" అరవై దాటినవారు మిరప చేలో మందు కొట్టలేరు, పత్తి బోరెం ఎత్తలేరు. నిజమే. అయితే కొందరికి చిన్ననాటి నుండి చెక్కపని సరదా. ఇంటికి కవ్వం, పీట, మనవడికి బండి చేసి ఇచ్చినవారే. ఇప్పుడు నాలుగు చేసి అమ్ముకుంటానంటే వద్దనకండి. చేతికి పని, చేతిలో సొంత రూపాయి ఉంటే మనిషి త్వరగా తేరుకుంటాడు.

కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో బొమ్మలు, ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చాలామంది ఇంటిపట్టునే చేస్తారు. మన పెద్దవారికీ అలాంటి చిన్న వస్తువులే మేలు. మంచాలు, తలుపులు ఒప్పుకోనివ్వవద్దు.

ఒక్క సంగతి మరువకండి. సరదాకి చేసినప్పుడు అలసట వస్తే ఉలి పక్కన పెట్టేవారు. ఆర్డరు వచ్చాక పెట్టరు. అన్నం, మాత్ర, నిద్ర అన్నీ వెనకబడతాయి. గడువు ఒప్పుకునేది ఆయన కాదు, మీరై ఉండాలి.

ఈ జాగ్రత్తలు పాటించండి:

1. ఛాతీ తెరిచి గుండె ఆపరేషన్ చేసినవారు ఎముక అతికే దాకా, అంటే సుమారు 3 నెలలు, రంపం, చిత్రిక పట్టకూడదు. డాక్టరు గారు సరేనన్న తరువాతే మొదలుపెట్టాలి.

2. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్కపొడిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఇది ఏళ్ల తరబడి పీల్చేవారి మాట, భయపడి మానవద్దు. తువ్వాలు సన్నపొడిని ఆపదు, ఎన్-95 మాస్కు కట్టాలి. పని ఆరుబయట నీడలో చేయాలి. పొడిని చీపురుతో లేపక తడిగుడ్డతో తీయాలి. ఆయాసం వచ్చినా, ఒకే ముక్కు నుండి పదేపదే రక్తం కారినా చూపించాలి.

3. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా పనిలో కూర్చోరాదు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి చిన్న గాటు తగిలినా రక్తం త్వరగా ఆగదు. ధనుర్వాతం ఇంజెక్షను సంగతి అడిగి తెలుసుకోండి.

4. పిల్లల బొమ్మలకు సీసం కలిసిన రంగులు వేయరాదు. ఏటికొప్పాక బొమ్మలకు చెట్ల రంగులు తిరిగి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఇక డబ్బు మాట. ఉదాహరణకు పీటకు చెక్క, పాలిష్ కలిసి 120 రూపాయలై, మూడు గంటలు పట్టిందనుకోండి. 150కి అమ్మితే గంటకు కూలి 10 రూపాయలే. కూలి కలిపే ధర చెప్పండి. ఆసుపత్రి బాకీ తీరాలని ముందే అప్పు చేసి మిషన్లు కొనవద్దు. పది వస్తువులు అమ్ముడయ్యాక చూడవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులు, బొమ్మలు చేసేవారు ఉన్నారు. మీవారికి వర్తిస్తుందేమో సచివాలయంలో అడగండి.

మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు, ఆయన రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటున్నారో కాగితం మీద రాసి తీసుకురండి. మందుల చీటీతో పాటు అది కూడా డాక్టరు గారు చూడాలి.