పేరడీ: ఎవరు ఎవర్ని వెక్కిరిస్తున్నారు?

(కళాబృందాల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పేరడీ అనే ఇంగ్లీషు మాట మన పాటగాళ్ల నోట్లో కూడా నలుగుతోంది. దాని పుట్టుక గ్రీకు. పాట పక్కన పెట్టిన పాట అని చెప్పుకోవచ్చు. ఒకరి రాత తీరును అచ్చంగా పట్టుకొని, ఆ రాతనే నవ్వులపాలు చెయ్యడం పేరడీ. తెలుగులో జరుక్ శాస్త్రి ఇందులో పేరుమోసినవాడు. శ్రీశ్రీనీ వదల్లేదు. సినిమా పాట వరసలో మనం కూలిరేట్ల పాట కడితే అది పేరడీ కాదు, వరస బదులు తెచ్చుకోవడమే. అసలు పాటను గిల్లితేనే పేరడీ.

అయితే వెక్కిరింపులన్నీ ఒకటి కావు. అమెరికాలో 1830ల నాడు థామస్ రైస్ అనే తెల్ల నటుడు మొహానికి మసి పూసుకొని, నల్లవాళ్ల మాటను, నడకను అనుకరిస్తూ 'జిమ్ క్రో' వేషం కట్టాడు. తెల్లవాళ్లు పడీపడీ నవ్వారు. తర్వాత నల్లవాళ్లను రైళ్లలో, బళ్లలో వేరుపెట్టిన చట్టాలకు ఆ వేషం పేరే పడింది. చూశారా, నవ్వు ఎందాకా పోయిందో!

దీనికి ఎదురు కథ కూడా ఉంది. 1936లో మార్గరెట్ మిచెల్ రాసిన 'గాన్ విత్ ద విండ్' నవల బానిసల యజమానుల కళ్లతో చెప్పిన కథ. 2001లో ఆలిస్ రాండల్ అనే నల్లజాతి రచయిత్రి ఆ కథనే బానిసపిల్ల నోట పలికించింది. మిచెల్ హక్కుదార్లు కోర్టుకెక్కారు. కింది కోర్టు పుస్తకాన్ని ఆపింది. మే నెలలో పైకోర్టు ఆ ఆపుదల ఎత్తేసింది. పాత పుస్తకాన్ని విమర్శించడానికే దాన్ని వాడుకుంది, అది పేరడీ కిందికే వస్తుంది అన్నది.

మన యాసను, తిండిని, పేర్లను వెక్కిరించినప్పుడు 'సరదాకే కదా' అంటారు. దొర మాటతీరును మనం పట్టి చూపిస్తే 'కులద్వేషం' అంటారు. ఎక్కడిదీ న్యాయం?

మా తప్పూ చెప్పుకోవాలి. ఒకసారి నవ్వుల కోసం ఆడకూలీల నడకను అనుకరించాం. వాడలోని ఒక ముసలమ్మ మధ్యలోనే లేచిపోయింది. "పొద్దంతా వంగి నాటేసిన నడుమురా ఇది" అన్నది. ఆ రాత్రే ఆ వేషం తీసేశాం.

అందుకే గజ్జె కట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఎవర్ని అనుకరిస్తున్నాం? వాళ్లు మనకు పైనున్నారా, కిందున్నారా? నవ్వాక జనానికి ఏం తెలుస్తుంది? జవాబు సరిగ్గా ఉంటే భయం లేదు. వెక్కిరించండి, గట్టిగా!

జై భీమ్!